హుటాహుటిన హస్తినకు: ఒక స్క్రోలింగ్‌కు టీకా తాత్పర్యం

మూలం: "బ్రేకింగ్! హుటాహుటిన హస్తినకు ముఖ్యమంత్రి. రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ. సర్వత్రా ఉత్కంఠ."

అవతారిక: తెలుగు న్యూస్ చానెళ్లలో తెర అడుగున ఎర్రపట్టీ మీద పారే గద్యం ఇది. రచయిత అజ్ఞాతం. ఏ ముఖ్యమంత్రికైనా, ఏ పార్టీకైనా, ఏ రుతువులోనైనా అక్షరం మార్చకుండా సరిపోతుంది.

ప్రతిపదార్థం: బ్రేకింగ్ = బద్దలవుతున్నది. పొద్దున ఆరింటికి బద్దలైన వార్త మధ్యాహ్నం భోజనాల వేళకీ బద్దలవుతూనే ఉంటుంది కాబట్టి ఇది వర్తమానం కాదు, తద్ధర్మం. హుటాహుటిన = మిక్కిలి తొందరగా. బస్సు వెనక పరుగెత్తేవాడికి ఈ మాట వాడరు; సామాన్యుడికి ఇది ఆస్పత్రికి తరలించేటప్పుడే దక్కుతుంది.

హస్తినకు = ఢిల్లీకి. ఇక్కడ ఆగాలి. హస్తినాపురం ఇప్పుడున్నది మీరట్ జిల్లాలో, ఢిల్లీకి దాదాపు వంద కిలోమీటర్ల దూరాన. ఢిల్లీకి సంప్రదాయం ముడిపెట్టిన ఊరు ఇంద్రప్రస్థం. ముఖ్యమంత్రి నిజంగానే హస్తినకు వెళితే ఒక్క కేంద్రమంత్రీ దొరకడు. అయినా ఈ మాట పోదు, ఎందుకంటే ఇందులో ధ్వని ఉంది. రాయబారం నాటకాలు చూసి పెరిగిన జాతికి హస్తిన అనగానే ఐదూళ్లిచ్చినా చాలని అడగడానికి వెళ్లిన కృష్ణుడు గుర్తొస్తాడు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా అన్నారు. తర్వాత దాని కోసం వెళ్లిన ముఖ్యమంత్రులు, పార్టీ ఏదైనా, ఐదేళ్లు అడిగి, ఐదూళ్లు అడిగినవాడిలాగే తిరిగొచ్చారు.

పాఠాంతరం: 'నిధుల కోసం' అని ఒక చానెల్ ప్రతిలో, 'కేసుల కోసం' అని ఇంకో చానెల్ ప్రతిలో కనిపిస్తుంది. విమానం ఒకటే, సీటూ ఒకటే. ఏ పాఠం ఎవరిదో తేల్చడానికి తాళపత్రాలు తిరగెయ్యక్కర్లేదు, చానెల్ ఎవరిదో తెలిస్తే చాలు. సాక్షి జగన్ కుటుంబానిది, టీన్యూస్ కేసీఆర్ పార్టీది అని పిల్లలకూ తెలుసు.

సర్వత్రా = స్టూడియోలో.

ఇక వ్యాకరణం. రాజకీయ వర్గాల్లో చర్చ జరుగుతోందట. చర్చిస్తున్నది ఎవరు? కర్త లోపించింది. మెదక్ జిల్లా కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఆయన్ని ఈ ఎర్రపట్టీ ముందు కూర్చోబెడితే ఒక్క ముక్కకీ కలం కదలదు. విమానాశ్రయం బయట టీ తాగుతూ ముగ్గురు విలేఖరులు మాట్లాడుకున్నా అది వర్గాల్లో చర్చే.

కర్త ఉంటే ఏమవుతుందో తెలుగు పత్రికలు ఒకసారి చూశాయి. 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన రభసకు ఈనాడు 'పెద్దల సభలో గలభా' అని శీర్షిక పెట్టింది. పెద్దల సభ గౌరవనామం, గలభా సంతలో మాట. పైగా ప్రాస కుదిరింది. మండలికి అది సభాహక్కుల ఉల్లంఘనగా తోచింది. సంపాదకుడు రామోజీరావును సభ ముందు నిలబెట్టమని 1984లో హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌ను ఆదేశించింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఒక్క పదానికి అర్థమేమిటన్న పేచీ ఢిల్లీ దాకా వెళ్లింది, అదీ హుటాహుటిన. 'రాజకీయ వర్గాల'ను మాత్రం ఏ కమిషనరూ ఏ సభ ముందూ నిలబెట్టలేడు. కర్తను మింగెయ్యడంలోని సుఖం అదే.

ఆ సుఖం పాలకులకూ తెలుసు. కొత్త ఎమ్మెల్యేల మీద టీవీ9 వెటకారంగా ఒక కథనం వేశాక, 2014 జూన్‌లో తెలంగాణ కేబుల్‌లో ఆ చానెల్‌తో పాటు ఏబీఎన్ ప్రసారాలూ ఆగాయి. ఆపిందెవరని అడిగితే ప్రభుత్వం తాము కాదంది, కేబుల్ ఆపరేటర్ల నిర్ణయమంది. 'ఆగాయి' అకర్మక క్రియ. అలాంటి క్రియలున్నంత కాలం ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు, అన్నీ వాటంతటవే జరుగుతాయి.

శాసనమండలిని 1985లో రద్దు చేశారు, గలభా ఒక్కటే కారణం కాదు. 2007లో మండలి మళ్లీ వచ్చింది. గలభా కూడా.