పులికి చదువు రాదా?

శ్రీలంక దక్షిణ తీరంలో నీలి తిమింగలాలను ఓడలు గుద్దుతున్నాయని, ప్రపంచంలోనే పెద్ద కంటైనర్ ఓడల కంపెనీ ఎంఎస్‌సీ 2022లో తన ఓడల దారిని ఇంకాస్త దక్షిణానికి జరుపుకుంది. అమెరికా తూర్పు తీరంలోనైతే రైట్ తిమింగలాలు తిరిగే కాలంలో, 65 అడుగులు, అంతకు మించిన ఓడ 10 నాట్లు దాటొద్దని 2008 నుంచి నిబంధన. అంటే గంటకు పద్దెనిమిది కిలోమీటర్ల చిల్లర. మన షేరింగ్ ఆటోవాలా వింటే నవ్విపోతాడు.

కరీంనగర్‌కు మానేరు డ్యామే సముద్రం, అందులో తిమింగలాలు లేవు. ఆ లోటు ఆదిలాబాద్ వైపు పులులు తీరుస్తున్నాయి. మహారాష్ట్రలోని తాడోబా అడవిలో చోటు చాలక కాగజ్‌నగర్ మీదుగా దిగి వస్తాయి. 2012లో కవ్వాల్ అడవిని వాటికే రాసిచ్చాం. కాకపోతే ఆ అడవిలోంచే నిర్మల్–మంచిర్యాల రోడ్డు పోతుంది.

అక్కడ ఓడ తప్పుకోవాలి, ఇక్కడ పులి తప్పుకోవాలి. మన వంతుగా బోర్డు పాతాం: వన్యప్రాణులు తిరుగు చోటు, నెమ్మదిగా వెళ్లండి. లారీ డ్రైవర్‌కు చదివే తీరిక లేదు, పులికి చదువు లేదు. పైగా బోర్డుకు అడ్డంగా ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. మిగిలిన సగం అక్షరాలు చదివితే, హెచ్చరిక ఆయన గురించేనేమో అనిపిస్తుంది.

ఈ రోడ్డు మీద కార్లలో వచ్చే భక్తులు కోతులకు అరటిపళ్లు విసురుతారు. పండు కోసం రోడ్డెక్కిన కోతి వెనకొచ్చే కారు కింద పడుతుంది. పుణ్యం ముందు కారుకు, పాపం వెనక కారుకు. లెక్క సరి.

రాత్రిపూట బండ్లు ఆపాలంటే ఈ రోడ్డు మీదున్న జన్నారం జనానికి కోపం. రోగిని కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయే బండిని ఆపమని నేనూ అనను. కానీ తెల్లారేదాకా ఆగితే లారీలోని ఇసుకకు ప్రాణం పోతుందా?

మన ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారే, మహారాష్ట్రలోని పెంచ్ అడవి దగ్గర జంతువుల కోసం తొమ్మిది చోట్ల పైకి లేచింది. అందులో ఒక వంతెన పొడవు 750 మీటర్లు. కింద పులులు దర్జాగా నడిచిపోతుంటే కెమెరాలు ఫొటోలు తీశాయి. కోర్టు మొట్టికాయలు పడ్డాకే కట్టారనుకోండి.

ఇక్కడ రోడ్డు వెడల్పు చేసే ఇంజనీర్లు ఆ వంతెనల ఖర్చు మొదటి అంచనాలోనే రాయాలి. అంతదాకా, జన్నారం అడవి దాటేవరకు మీరు నలభై దాటకండి. అరటిపళ్లు ఇంటికే పట్టుకుపోండి.