సేఠుగారు! రేటు చెప్పవయ్య: ఒక నోట్ల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. హైదరాబాదులో పాత నాణేల ప్రదర్శన జరిగిన హాల్లో, నోట్లమ్మే బల్ల కింద పడి ఉన్న కాగితం మీద దొరికింది. కాగితానికి రెండోవైపు కిరాణా చీటీ ఉంది కనుక కర్త గృహస్థుడు. అందులో చింతపండు 'అరకిలో' కొట్టేసి 'పావుకిలో' అని దిద్ది ఉంది కనుక, నోట్ల పిచ్చి పట్టి కొంతకాలమైన గృహస్థుడు. ఇంతకుమించి కవికాలాదుల జోలికి పోము.

ఆ. ఆడవారి నోటు లందముగా దాచి
రాణి వలదు, మడత రాదు సుమ్ము
పేరు లేని పడతి పెట్టెలో నుండనీ
సేఠుగారు! రేటు చెప్పవయ్య

ప్రతిపదార్థం: సేఠుగారు = ఓ నోట్ల వర్తకుడా!; ఆడవారి = స్త్రీల బొమ్మలు గల; నోటులు = కాగితపు డబ్బును (కొన్ని దేశాల్లో ప్లాస్టిక్ డబ్బును); అందముగా = విడివిడి కవర్లలో; దాచి = భద్రపరచి; రాణి = ఇంగ్లండు రాణి; వలదు = అక్కర్లేదు; మడత = నడిమి గీత; రాదు సుమ్ము = ఉండకూడదు, ముందే చెబుతున్నాను; పేరు లేని పడతి = ఎవరో తెలియని ఆవిడ; పెట్టెలోనుండనీ = నీ పెట్టెలోనే ఉండుగాక; రేటు = వెల; చెప్పవయ్య = చెప్పుము ('తగ్గించి' అని అధ్యాహారం).

తాత్పర్యం: ఓ సేఠూ! లోకంలోని నోట్ల మీద ఉన్న స్త్రీలను వెతికి పక్కన పెట్టు. రాణి వద్దు. మడత పడ్డది వద్దు. ఊరూ పేరూ లేని స్త్రీ వద్దు. మిగిలినవి ఎంతకిస్తావు?

విశేష వ్యాఖ్య

మెదకు సీమ వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. మేమూ పెట్టుకుంటే ఈ వ్యాఖ్య ఇక్కడితో సరి.

'అందముగా దాచి': దాచినది ఎవరు? అన్వయం ప్రకారం సేఠే. కానీ పద్యమంతా దాచుకోబోయేవాడి ఆత్రమే కనబడుతోంది. అందంగా దాచడమంటే ఏమిటో సేకర్తలకు తెలిసినట్టు ఆలంకారికులకు తెలియదు. చౌక పీవీసీ కవర్లో పెడితే కొన్నాళ్ళకు నోటు జిడ్డు పట్టి అంటుకుపోతుంది. ఇస్త్రీ చేస్తే మడత పోతుంది, దానితోపాటు కాగితం బిరుసూ పోతుంది. అనుభవజ్ఞుడు వేలితో తాకగానే పట్టేస్తాడు. మన దేశపు పాత కట్టలకైతే బ్యాంకులే పిన్నులు గుచ్చేవి. గుచ్చవద్దని 2001లో రిజర్వు బ్యాంకు ఆదేశించేదాకా ముత్తయిదువ చెవుల్లాగే మన నోట్లన్నిటికీ రంధ్రాలుండేవి.

'రాణి వలదు': ఇక్కడ పూర్వపక్షం. రాణి స్త్రీ కాదా? స్త్రీయే. మరి ఎందుకు వలదు? ఆవిడను రానిస్తే ఆల్బంలో ఇంకెవరికీ చోటుండదు కనుక. రెండో ఎలిజబెత్ 1935లో, ఎనిమిదేళ్ళ పిల్లగా, కెనడా 20 డాలర్ల నోటెక్కింది. సొంత ఇంట్లో, అంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు మీద, 1960లో గానీ కూర్చోలేదు. దీవులూ వలసలూ కలుపుకుంటే పసితనం నుంచి ముసలితనం దాకా ఆవిడ ప్రతి వయసూ ఎక్కడో ఒకచోట అచ్చయింది. కెనడా 1954 నోట్లలో ఆవిడ జుట్టు మెలికల్లో దయ్యం మొహం కనిపిస్తోందని గోల లేచి, ఆ మెలికలు చీకటి చేసి మళ్ళీ అచ్చు వేయవలసి వచ్చింది. ఆ దయ్యం ఉన్న నోటు దొరికితే మన కవి 'రాణి వలదు' అన్న మాట మీద నిలబడతాడా అన్నది సందేహమే.

ఈ నిషేధంలో ఒక చిక్కుంది. 1861 చట్టం తరవాత భారత ప్రభుత్వం వేసిన మొదటి నోట్ల మీద ఉన్నది విక్టోరియా రాణి. దొంగనోట్లు పెరిగి 1867లో ఆ బొమ్మ తీసేశారు. ఆనాటినుంచి ఈనాటిదాకా పేరుగల స్త్రీ ముఖం మన సర్కారీ నోటు మీదికి మళ్ళీ రాలేదు. పాత 500 నోటు వెనక దండి యాత్ర శిల్పంలో ఆడవాళ్ళూ నడుస్తున్నారు గానీ వాళ్ళు మూడో పాదపు నిషేధం కిందికి వస్తారు. కాబట్టి రాణి వలదన్న మరుక్షణం కవిగారి ఆల్బంలో భారతదేశపు పేజీ ఖాళీ. పొరుగున పాకిస్తాన్ కూడా 2022లో 75 రూపాయల స్మారక నోటు మీద ముగ్గురు మగవాళ్ళ సరసన ఫాతిమా జిన్నాను నిలిపింది. కవి దేశభక్తుడై ఉంటే ఈ పాదం రాసేటప్పుడు కలం కాస్త వణికి ఉండాలి. చేతిరాత చూస్తే వణికినట్టు లేదు.

'మడత రాదు సుమ్ము': 'సుమ్ము' పాదపూరణం అనుకునేరు. కాదు, బెదిరింపు. మడత పడితే వెల పడిపోతుంది. అచ్చుతప్పు పడితే పెరుగుతుంది. మనుషుల దోషాలకూ నోట్ల దోషాలకూ ఇక్కడే భేదం. అయితే తప్పు కూడా అరుదుగా ఉండాలి. ఆస్ట్రేలియా 2018లో కొత్త 50 డాలర్ల నోటు వేసింది. దాని మీద ఈడిత్ కోవన్. 1921లో ఆ దేశంలో చట్టసభకు ఎన్నికైన మొదటి స్త్రీ. ఆవిడ తొలి ప్రసంగంలోని మాటలే కంటికి ఆనని సన్నటి అక్షరాల్లో ఆవిడ పక్కన అచ్చు వేశారు. అందులో 'బాధ్యత' అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఒకచోట కాదు, మూడుచోట్ల. మరుసటి ఏడు ఎవరో భూతద్దం పెట్టి చదివేసరికి 4.6 కోట్ల నోట్లు జనం జేబుల్లో తిరుగుతున్నాయి. మనకైతే ఇది తాటాకు ప్రతుల నాటి సంగతే. లేఖక ప్రమాదమని ఒక ముక్క రాసి ముందుకు పోతాం. ఇన్ని కోట్ల ప్రతుల్లో ఉన్న తప్పును పాఠాంతరం అనాలి గానీ తప్పనలేం, సేఠు దానికి పైకం ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు.

'పేరు లేని పడతి': పద్యానికి ప్రాణం ఈ పాదం. నోట్ల మీద ఆడవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టిన 1694 నుంచీ దాని ముద్ర బ్రిటానియా. స్వేచ్ఛ, న్యాయం, పంటలక్ష్మి ఎన్నో దేశాల నోట్ల మీద కొలువుతీరారు. వాళ్ళెవరూ ఏ ఇంట్లోనూ పుట్టలేదు. దేశానికి స్త్రీరూపం ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, స్త్రీకి నోటు ఇవ్వడం దగ్గరే ఆలోచన మొదలవుతుంది.

ఐర్లండ్ సంగతి మరీ చిత్రం. 1928లో స్వతంత్ర దేశపు నోట్ల మీద ఐర్లండ్ మాతను ఉంచారు. ఆ మాతకు ముఖం అరువిచ్చింది హేజెల్ లేవరీ, ఒక చిత్రకారుడి భార్య, పుట్టింది షికాగోలో. బొమ్మ గీసింది ఆ భర్తే. పేరెక్కడా లేదు. పెద్ద బొమ్మ పోయాక కూడా యూరో వచ్చేదాకా వాటర్‌మార్కులో, వెలుతురుకెత్తితే కనిపించేంత మేరకు, ఆవిడను ఉంచారు. ఈవిడ పేరు లేని పడతా, ఉన్న పడతా? పేరు నోట్లో లేదని కవి తోసిపుచ్చవచ్చు. మేమైతే తీసుకుంటాం.

పేరుండి ముఖం లేనివాళ్ళూ ఉన్నారు. జపాన్ 1881లో తన పురాణాల మహారాణి జింగూను ఒక యెన్ నోటెక్కించింది. చెక్కినవాడు కియోసోనే అనే ఇటలీవాడు. ఫలితంగా జింగూ ఇటలీ ఆడపడుచులా ఉంటుంది.

ఉన్న పేర్లు తుడిచేసిన వైనం జర్మనీది. 100 మార్కుల మీద పియానో విదుషి క్లారా షూమన్, 500 మీద పురుగుల జీవితాన్ని బొమ్మలు గీసిన మరియా సిబిల్లా మేరియన్ ఉండేవారు. 2002లో యూరో వచ్చి అందరినీ పంపించి, కిటికీలనూ వంతెనలనూ తెచ్చింది. అవీ అప్పటికి ఎక్కడా లేని వంతెనలు, ఏ దేశమూ అలగకుండా. ఆ తరవాత 2013 నుంచి యూరోపా అనే గ్రీకు కన్యను వాటర్‌మార్కులో పెట్టారు. ఎద్దు వేషంలో దేవుడు ఎత్తుకుపోయిన అమ్మాయి ఆవిడ.

'రేటు': ఇంత చిన్న మాటకు ఇంత వ్యాఖ్యా అనవద్దు. నోటెక్కిన స్త్రీలను వాళ్ళ బతుకులో డబ్బు ఎలా చూసిందో ఇక్కడే చెప్పాలి. జేన్ ఆస్టెన్ తన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు 110 పౌండ్లకు అమ్ముకుంది, పుస్తకం మీద పేరు కూడా లేకుండా. 2017లో 10 పౌండ్ల నోటయింది. దాని మీద వేసిన వాక్యం చదువు గొప్పదనం గురించి. నవలలో ఆ మాట అన్న పాత్రకు పుస్తకమంటే ఆవలింతలు. అచ్చు వేసినవారు నవల చదివారా అని లోకం నవ్వింది. జపాన్ రచయిత్రి హిగుచి ఇచియో అప్పుల మధ్య కథలు రాసి, 1896లో 24 ఏళ్ళకే పోయింది. 2004లో 5000 యెన్ ఆవిడదే.

వయోలా డెస్మండ్‌ది వేరే లెక్క. 1946లో కెనడాలో ఒక సినిమా హాల్లో తెల్లవాళ్ళు కూర్చునే కింది సీట్లలోంచి లేవనన్న నల్లజాతి స్త్రీ. కింది టిక్కెట్టు మీద పన్ను మూడు సెంట్లు, బాల్కనీ మీద రెండు. ఒక సెంటు పన్ను ఎగ్గొట్టిందని కేసు. ఆవిడ అడిగినా కింది టిక్కెట్టు అమ్మలేదన్నది కోర్టుకు పట్టలేదు. ఖర్చులతో 26 డాలర్లు వడ్డించారు. ఆవిడ పోయాక ఎన్నో ఏళ్ళకు, 2010లో క్షమాభిక్ష. 2012లో కెనడా సెంటు ముద్రణే ఆపేసింది. 2018లో ఆవిడ 10 డాలర్ల నోటెక్కింది, అదీ నిలువుగా. ప్రపంచ నోట్ల సేకర్తల సంఘం ఆ ఏటి మేటి నోటుగా దాన్నే ఎంచింది. సేఠుగారు ఈ నోటుకు ఎంత చెప్పినా ఒక సెంటు తగ్గించి ఇవ్వమని అడగడం కవికి న్యాయం.

డబ్బుతో ఏ పేచీ లేక నోటెక్కినది ఒక్క మేరీ రీబీ. గుర్రం దొంగిలించిందని పదమూడేళ్ళప్పుడు మగవేషంలో పట్టుబడి, ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్ష పడి, అక్కడ ఓడలూ గోదాములూ కొని, 1817లో ఆ దేశపు మొదటి బ్యాంకుకు తన ఇల్లే అద్దెకిచ్చింది. 20 డాలర్ల మీద ముక్కు మీద కళ్ళజోడుతో లెక్కలు సరిచూస్తున్నట్టు ఉంటుంది.

హారియట్ టబ్మన్ నోటు మాత్రం సేఠు పెట్టెలో వెతికినా దొరకదు. బానిసలను విడిపించిన ఆవిడకు 1899 నుంచి అమెరికా ఇచ్చిన పింఛను నెలకు 20 డాలర్లు. 20 డాలర్ల నోటు మీద వేస్తామని 2016లో ప్రకటించారు. ఇంకా వేస్తున్నారు.

'చెప్పవయ్య': 'గారు' అని ఎత్తి 'అయ్య' అని దింపడం బేరపు మర్యాద. యతి 'సే'కూ 'చె'కూ చెల్లింది. బేరం చెల్లిన దాఖలా లేదు. కాగితం అడుగున వేరే దస్తూరీతో, పెన్సిలుతో, '1,800 ఫిక్స్‌డ్' అని ఉంది. ఇది మూలకర్తది కాదు, ప్రక్షిప్తం. ఆటవెలదిలో ఏ గణానికీ ఒదగదు.