ధ్యానంలో టీచరమ్మ

బరువులు మోయడం మగవాళ్ల పని, కాకపోతే కూలివాళ్ల పని. అరవై దాటేదాకా ఇదే నా సిద్ధాంతం. హైస్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని కదా, నా తెలివితక్కువతనానికి కూడా సిద్ధాంతమనే పేరు పెట్టుకోగలను.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ, మన శ్రీకాకుళం జిల్లా పిల్ల. మర్నాడు బడి ప్రార్థనలో నేనెంత ఘనంగా మాట్లాడానో! చప్పట్లే చప్పట్లు. ఆ మధ్యాహ్నమే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి బల్లలు మార్చాల్సొచ్చింది. ఉత్సాహంగా ముందుకొచ్చిన ఆడపిల్లల్ని ఆపి, "మీరొద్దమ్మా, కడుపులో తేడా చేస్తుంది" అని మగపిల్లల్ని పిలిచాను. పొద్దుటి ప్రసంగానికీ మధ్యాహ్నం మాటకీ పొసగలేదన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పిల్లల్లో ఒకరిద్దరికి తట్టే ఉంటుంది.

రిటైరయ్యాక సుఖాన్ని పద్ధతి ప్రకారం కొనుక్కున్నాను. కింద కూర్చునే పని లేకుండా డైనింగ్ టేబులు, గొంతుక్కూర్చునే పని లేకుండా కమోడు, ఎత్తు మంచం. రుబ్బురోలు తులసికోట పక్కకి అలంకారంగా వెళ్లింది. నీళ్ల క్యాను కుర్రాడే వంటింట్లోకి తెచ్చి పెడతాడు. పొద్దున్నే మాత్రం నాగులేరు వంతెనదాకా నడక, ఫోన్లో అడుగుల లెక్క. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీల దుమ్ము మింగుతూ నడిచొచ్చి, దాచేపల్లి మొత్తంలో నా అంత ఆరోగ్యవంతురాలు లేదనుకునేదాన్ని. నడక గుండెకు మంచిదే, కాదనను. కింద కూర్చున్న మనిషిని పైకి లేపాల్సింది మాత్రం తొడలు.

అది బంధువులింట్లో సత్యనారాయణ వ్రతం నాడు తెలిసొచ్చింది. చాప మీద కూర్చుని కథంతా విన్నాను. హారతి అయింది, అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. దగ్గర్లో గోడ లేదు. చెయ్యివ్వమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇంకేం చేస్తాను, కళ్లు మూసుకుని ధ్యానంలోకి వెళ్లిపోయాను. "టీచరుగారి భక్తి చూడండి" అని పంతులుగారు నలుగురికీ చూపించారు. భోజనాలకని హాలు ఖాళీ అయ్యాక సోఫాదాకా పాకి, దాని అంచు పట్టుకుని లేచాను.

నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేసే మా మేనకోడలికి ఫోన్లో దీన్ని జోకులా చెప్పాను. అది నవ్వలేదు. ఆదివారం వచ్చి, చేతులు గుండెలకు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోమంది, ముప్పై సెకన్లు. "నీ వయసుకు డజనన్నా రావాలత్తా" అంది. అందులో సగం కూడా రాలేదు. వయసుతో కండ కరుగుతుందట. ముట్లాగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక ఇంకా వేగంగా పలచబడుతుందట. రెండూ నిలబడాలంటే వాటిమీద బరువు పడాలట. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోనే అనే డాక్టరు 86 నుంచి 96 ఏళ్ల ముసలివాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే, తొడల బలం సగటున 174 శాతం పెరిగిందనీ, ఇద్దరు చేతికర్ర వదిలేశారనీ చెప్పింది. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే పరిశోధన సంగతీ చెప్పింది. ఎముక పలచబడిన నూటొక్కమంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఎనిమిది నెలలు భారీ బరువులెత్తినవాళ్లకు నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక కసరత్తు చేసుకున్నవాళ్లకు తగ్గింది.

ఇంత చెబితే నా చెవికెక్కింది "భారీ" అన్న ఒక్క ముక్కే. మేనకోడలు బస్సెక్కీ ఎక్కగానే పాతిక కిలోల బియ్యం బస్తా దగ్గర నిలబడ్డాను. మోకాళ్లు వంచకుండా, నడుం మీద నుంచి ఒక్క ఊపున ఎత్తాను. మల్లీశ్వరి 130 ఎత్తలేదా మరి! నడుం కలుక్కుమంది. మంచమెక్కాను. "ఆ ఆడవాళ్లు మొదటి నెలంతా ఎత్తే తీరే నేర్చుకున్నారత్తా, అదీ పక్కన నేర్పేవాళ్లు నిలబడితే. నువ్వు పిల్లలకిట్టాగే చెప్పావా పాఠాలు?" అని మేనకోడలు గడ్డి పెట్టింది. ఇప్పుడు సంచిలో ఐదు కిలోలతో మొదలుపెట్టించి, మెల్లగా పెంచుతోంది.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. మాకు రెండెకరాల మిరప. నడుం కాస్త కుదుటపడ్డాక కల్లం దగ్గరికి వెళ్లాను. ముఠా ఆడవాళ్లు ఎండలో వంగి తాలుకాయలు ఏరుతున్నారు. కొత్తగా నేర్చుకున్న విద్య ఊరుకోనివ్వలేదు. "మీకేం, రోజూ వ్యాయామమే. ఎముకలు ఉక్కులా ఉంటాయి" అన్నాను. ముఠా మేస్త్రి నాకన్నా చిన్నది, చూడ్డానికి నాకన్నా పెద్దది. నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "ఎత్తేది మగోళ్లు, వంగేది మేం. ఈ వ్యాయామమేందో రేపు నువ్వు కూడా రా టీచరమ్మా, సుబ్బరంగా చేద్దాం" అంది. ముఠా అంతా నవ్వింది.

మేనకోడలికి చెబితే అదీ వాళ్లవైపే మాట్లాడింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం పేదింటి ఆడవాళ్ల ఎముకల్ని పరీక్షించి 2005లో ప్రచురించింది. 30 నుంచి 60 ఏళ్లవాళ్లలోనే తుంటి ఎముక మెడ దగ్గర ఆస్టియోపోరోసిస్ ఉన్నవాళ్లు 29 శాతం దాకా తేలారు. ఒళ్లొంచి పనిచేస్తే చాలదని అప్పటికే తెలిసిన సంగతి. కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత తిని, విశ్రాంతి తీసుకున్నప్పుడు. కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ఆ సంస్థే చెబుతోంది. యాభై కిలోల మనిషికి నలభై గ్రాముల పైమాటే. పచ్చడి మెతుకుల్లో అది ఎక్కడ దొరుకుతుంది? తెల్లారితే మళ్లీ అదే నడుం, అదే వంపు.

మర్నాడు కల్లానికి ఉడికించిన గుడ్లు పట్టుకెళ్లాను. మనిషికి రెండు. వారంలో ఒకరోజైనా ఒంటికి విశ్రాంతివ్వాలని, అలవాటు మానలేక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మేస్త్రి గుడ్డు ఒలుస్తూ, "ఆ రోజు కూలి తెగ్గొట్టకుండా ఇస్తావా మరి?" అంది.

చూద్దాంలే అన్నాను. గుడ్లు ఇప్పటికీ పంపుతున్నాను. సెలవు రోజు కూలి మాత్రం ఇంకా ఇవ్వలేదు.