రెండు చుక్కల చేదు

మా రోజుల్లో తార్నాకలో విస్కీ అంటే సోడా, నీళ్లు, మహా అయితే ఓ నిమ్మచెక్క. ఓల్డ్ ఫ్యాషన్డ్ అన్న కాక్‌టెయిల్ పేరు ఇంగ్లీషు నవలల్లో చదవడమే కానీ, రుచి చూసినవాడు ఉస్మానియా హాస్టళ్లలో నాకు తగల్లేదు. దానికి కావలసిన చేదు సారం, అంగోస్తురా బిట్టర్స్, మా వైన్ షాపులో ఎప్పుడూ కనబడలేదు. అమెరికా నుంచి ఎవరి అన్నయ్యో తెస్తే ఆ చిన్న సీసాని ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లం. ఆ తర్వాత 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించేదాకా అసలు విస్కీకే దిక్కులేదు.

ఇప్పుడో! క్యాంపస్ పక్కనే మా అన్నకొడుకు ఫ్లాటు. బిట్టర్సే నాలుగు రకాలు, పొగ పట్టించే యంత్రం కూడానూ. ఓపిక ఒక్కటే లేదు. ఓల్డ్ ఫ్యాషన్డ్ కలపమంటే ముందే విస్కీ కుమ్మరించి పైన పంచదార వేస్తాడు. సారాలో పంచదార అంత తొందరగా కరుగుతుందా? పలుకులు అడుగునే ఉండిపోతాయి. తీపి తగల్లేదని చెర్రీ డబ్బాలోని పాకం ఒంపుతాడు. "తియ్యగుంటేనే అందరు తాగుతరు బాబాయ్" అని పైగా నాకు చెప్తాడు.

కాక్‌టెయిల్ అంటే సారా, పంచదార, నీళ్లు, బిట్టర్స్ అని 1806లోనే ఒక అమెరికా పత్రిక రాసింది. ఓల్డ్ ఫ్యాషన్డ్‌కీ ఆ నాలుగే. 1824లో వెనిజులాలో సీగర్ట్ అనే జర్మన్ సైనిక వైద్యుడు కడుపు బాగుకోసం చేసిన మందు ఈ అంగోస్తురా. పులుసులో మెంతుల్లా, అది ఉందని తెలియాలి, అదొక్కటే తెలియకూడదు.

గ్లాసులో చెంచాడు పంచదార, దానిమీద రెండు మూడు చుక్కల బిట్టర్స్, అర చెంచా నీళ్లు. కరిగేదాకా నూరండి. అప్పుడు 60 మిల్లీలీటర్ల విస్కీ, పెద్ద ఐసుగడ్డ. చిన్న ముక్కలు ఇట్టే కరిగి నీళ్లు చేస్తాయి. గ్లాసు బయట చెమర్చేదాకా నిదానంగా తిప్పండి. కమలాతొక్క తెల్లపొర లేకుండా పల్చగా కోసి, నూనె పైన చిమ్మేలా మెలిపెట్టండి. మన బ్లెండెడ్ విస్కీల్లో చాలావాటికి మొలాసిస్ స్పిరిటే ఆధారం. వాటికి పంచదార సగం చాలు.

మార్చొద్దనను. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏది ఏం చేసిందో నాలుకకు తెలుస్తుంది. పంచదార బదులు వడకట్టిన బెల్లంపాకం వేస్తే విస్కీ ఘాటు మెత్తబడుతుంది. కమలా బదులు దబ్బకాయ తొక్క నాకు మరీ ఇష్టం. ఆ వాసన ఏ దిగుమతి సీసాలోనూ లేదు. ఇంకా చేదు కావాలంటే బూలవార్డియే అనే మరో కాక్‌టెయిల్ ఉంది: బర్బన్, కంపారి, తీపి వెర్మూత్. 1927లో పారిస్‌లో బార్ నడిపిన హారీ మెకెల్హోన్ పుస్తకంలో మూడూ సమపాళ్లే. నేను మాత్రం విస్కీ ఒకటిన్నర పాళ్లు పోస్తాను, లేకపోతే కంపారి దాన్ని మింగేస్తుంది. చెర్రీ పాకానికి ఇందులోనూ చోటు లేదు.