పైన పటారం, పైపులో తటాకం

మన ఊళ్లలో ఇంటి బయట చేసే కరెంటు పనికి ఒక సర్వరోగ నివారిణి ఉంది. నల్లగా ఉంటుంది, చొక్కా జేబులో పడుతుంది, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. గేటు లైటు జాయింటుకి అదే. బోరు మోటారు వైరుకి అదే. డాబా మీద ట్యాంకులో వేలాడే ఫ్లోట్ స్విచ్చికీ అదే. నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో తెంపి, బొటనవేలితో ఒత్తి, "అయిపోయింది సార్, ఇంక చుక్క దిగదు" అని ఎలక్ట్రీషియన్ సెలవిస్తాడు. ఇంటాయన తలూపుతాడు. ఈ ఒప్పందంలో చుక్కని ఎవరూ సంప్రదించలేదు.

ఆ పీవీసీ టేపు పుట్టింది పొడిచోట వైరుకి ముసుగు వేయడానికి. వైశాఖం ఎండకి దాని జిగురు జారిపోతుంది, శ్రావణం నాటికి కొస లేచి గాలికి ఊగుతుంది. తడిని ఆపాలంటే, సాగదీసి చుడితే తనలో తాను ముద్దగా అతుక్కుపోయే రబ్బరు టేపు వేరే ఉంది. అసలు ఆ జాయింటే వానకి అందకుండా పెట్టుకుంటే ఇంకా మేలు. కానీ దానికి ముందు ఆలోచించాలి. టేపుకైతే పళ్లు ఉంటే చాలు.

డబ్బు లేక ఇలా చేస్తున్నారనుకుంటే పొరపాటు. అదే గేటు స్తంభాలకి గ్రానైటు పలకలు అతికించారు. పైన చెరో సింహాన్ని కూర్చోబెట్టారు. లైటు ఏ రంగులో వెలగాలని ఇంటిల్లిపాదీ కేటలాగు ముందేసుకుని వాదించుకున్నారు. ఆ లైటుకి కరెంటు మోసుకెళ్లే పైపు మాత్రం శ్లాబులో వేయగా మిగిలిన ముక్క. శ్లాబులో పడుకునే పైపుకి ఎండ మొహం తెలియదు. అదే తెల్ల పైపుని తెచ్చి పడమటి గోడకి బిగిస్తే నాలుగైదు వేసవులకి పసుపెక్కుతుంది, పెళుసెక్కుతుంది, పిల్లల బంతి తగిలినా పగులుతుంది. ఇదేమిటని అడిగితే "ఐఎస్ఐ పైపే సార్!" అని నొచ్చుకుంటారు. నిజమే, ఐఎస్ 9537 ముద్ర దాని ఒంటి మీదే ఉంది. లైట్, మీడియం, హెవీ అని తరగతులూ ఉన్నాయి. ఆ తరగతులు చెప్పేది పైపు ఎంత నొక్కుడికి, ఎంత దెబ్బకి ఓర్చుకుంటుందో. ఎండకి ఓర్చే రకం కావాలంటే నోరు తెరిచి అడిగి కొనాలి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం ఎదుట ఇల్లు కట్టుకుని, ఇనుప పైపు గట్టిదని మురిసిపోయేవారికి మరో శుభవార్త: జీఐ పైపుకి మర కోసినచోట జింకు పూత పోతుంది, ఉప్పుగాలి మొదట కొరికేది అక్కడే.

పైగా పీవీసీ ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పది మీటర్ల పైపు, ముప్పై డిగ్రీల తేడా, అంతే: ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల కదలిక. మనవాళ్లు దాన్ని రెండు చివర్లా సొల్యూషన్ పూసి, అడుగడుగునా సాడిల్ కొట్టి ఉరి బిగిస్తారు. అది కప్లర్ లోంచి ఊడి వచ్చాక "నాసిరకం మాల్ సార్" అని కంపెనీని తిడతారు.

ఇక డబ్బా కథ. ఈమధ్య అందరి నోటా ఐపీ 65 అన్న మాట వినబడుతోంది. ఏదో పరీక్షలో వచ్చిన మార్కులనుకునేవారూ లేకపోలేదు. అందులో ఆరు అంటే దుమ్ము చొరబడదు, అయిదు అంటే గొట్టంతో చిమ్మిన నీటికి తట్టుకుంటుంది. 6.3 మిల్లీమీటర్ల నాజిల్ తో, నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున అన్ని వైపుల నుంచీ కొట్టి చూస్తారు. అయితే ల్యాబులో నీళ్లు తిన్నది మూత సరిగ్గా బిగించిన, సరైన గ్లాండు పెట్టిన డబ్బా. మన గోడెక్కే డబ్బాకి ముందు నెత్తిన రంధ్రం పడుతుంది, వైరు పైనుంచి దింపడం దగ్గర దారి కాబట్టి. గ్లాండులోని రబ్బరు ఒక గుండ్రటి కేబుల్ ని చుట్టూ పట్టుకోవడానికి చేసింది. అందులో రెండు చప్పిడి వైర్లు దూర్చి, సందులో ఎంసీల్ కుక్కుతారు. వాడని రంధ్రాలకి బిళ్లలు పెట్టరు. బల్లులు కూడా బతకాలి కదా! మూతకి నాలుగు స్క్రూలిస్తే రెండే బిగిస్తారు, మిగతా రెండూ ఇసకలో పడ్డాయి. అన్నీ అయ్యాక మూత మీది ఐపీ 65 అన్న అక్షరాలు మాత్రం వీధిలోకి కనబడేలా తుడుస్తారు.

వీళ్లకంటే ఒక మెట్టు పైనున్న పండితుడు సిలికాన్ గన్ పట్టుకొస్తాడు. ఈయన సిద్ధాంతం: అన్నీ మూసెయ్. డబ్బా చుట్టూ, పైపు చివరా, కింద గీత కూడా వదలకుండా పూస్తాడు. పాపం, నీళ్లు బయటినుంచే వస్తాయని ఆయన నమ్మకం. పైపులో గాలి ఉంటుంది. ఆ గాలిలో తేమ ఉంటుంది. రాత్రి పైపు చల్లబడితే ఆ తేమే లోపలి గోడకి చెమటలా పడుతుంది. అమెరికా వాళ్ల నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అయితే, తడి తగిలే చోట నేలపైన బిగించిన పైపు లోపలి భాగాన్ని కూడా తడిచోటుగానే లెక్కగట్టి, తడికి పనికొచ్చే వైరే వేయాలంటుంది. అంటే నీళ్లొస్తాయని ముందే ఒప్పుకుని, అవి ఎటు పోవాలో చూసుకోవడమే ఆ పనిలో ఉన్న విద్య. గోడ డబ్బాకి పైనా పక్కలా సిలికాన్ పూసి, కింద వదిలేయాలి. కేబుల్ అడుగునుంచి ఎక్కాలి. ఎక్కేముందు కాస్త కిందికి వేలాడాలి, చుక్క అక్కడ రాలిపోవడానికి. తయారీదారు గుర్తు పెట్టిన చోట అడుగున చిన్న రంధ్రం తెరవాలి. పైపు ఇంట్లోకి దూరేచోట మాత్రం లోపల పూడ్చాలి. మన పండితుడు పూడ్చనిది ఆ ఒక్కచోటే. డాబా మీద పడ్డ వాన పైపు వాలున చక్కగా నడిచొచ్చి హాల్లో స్విచ్ బోర్డు లోంచి దర్శనమిస్తుంది. "గోడ చెమ్మ సార్, పెయింటర్ ని పిలవండి" అన్నది ఆయన తీర్పు.

వినాయక చవితి వస్తే ఈ శాస్త్రం వీధికెక్కుతుంది. భాద్రపదంలో వాన పడుతుందని పంచాంగం చూడక్కర్లేదు. అయినా పందిరి ఇనుప రాటకి సీరియల్ సెట్లు చుట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్సుని బురదలో కూర్చోబెట్టి, దానిమీద క్యారీబ్యాగు కప్పుతారు. విఘ్నాలు తొలగించే స్వామి ఎదుటే విఘ్నాన్ని ప్లగ్గులో పెట్టడం మనకే చెల్లింది. పొలాల్లో యూరియా సంచి కప్పుకున్న స్టార్టర్ డబ్బాని నేను వెక్కిరించను. ఆ రైతుకి సంచి తప్ప మరో దారి ఎవరూ చూపలేదు. గ్రానైటు సింహాల వారికి ఆ మినహాయింపు లేదు. మన దేశంలో కరెంటు షాకుతో ఏటా పదివేల మందికి పైగా పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలే చెబుతున్నాయి. పేపర్లో ప్రతిసారీ "ప్రమాదవశాత్తు" అని పడుతుంది. టేపు పేరు ఎప్పుడూ పడదు.

"ఎంసీబీ ఉంది కదండీ, భయమేముంది?" అంటారు. ఎంసీబీ కాపలా కాసేది వైరుని, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషిలోంచి పోయే కొన్ని పదుల మిల్లీఆంపియర్లు కంటికి ఆనవు. మనిషి గుండె ఆగడానికి అంతే చాలు. ఆ కాస్త కరెంటు కారడాన్ని పసిగట్టి పడిపోయేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. బిల్డర్ పొరపాటున అదీ కొన్ని ఇళ్లలో ఉంటుంది. తొలి వాన పడగానే టక్కున పడుతుంది. ఎత్తితే మళ్లీ పడుతుంది. గేటు స్తంభంలో కరెంటు కారుతోందని అది చెప్పగలిగిన భాష అదొక్కటే. దొంగొచ్చాడని అరిచిన వాచ్‌మన్ ని నిద్ర పాడుచేశాడని పనిలోంచి తీసేసినట్టు, ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ తీస్తాడు.

"వాన పడితే చాలు, ఊరికే పడిపోతోంది సార్. తీసి పక్కన పెట్టి డైరెక్టు ఇచ్చేశా. ఇంక ప్రాబ్లెమ్ ఉండదు."

ఇంటాయన సంతోషించి పైన ఇంకో వంద ఇచ్చాడు. సింహాల కళ్లలో కూడా ఎల్‌ఈడీలు పెట్టడానికి ఎంతవుతుందని అడుగుతున్నాడు.