నీరు పోసినవాడు

అమ్మ పాతచీర ముక్కలో మూటగట్టి దాచిన టమాటా గింజలు పన్నెండు. ఆమె పోయిన మూడో ఏట మిర్యాలగూడలో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఉప్పుజాడి వెనక దొరికాయి. మా చెల్లెలు వాటిని నా అరచేతిలో పోసి, "నువ్వే మొలిపించన్నా" అంది. టమాటా గింజను పొడిగా దాస్తే నాలుగైదేళ్లు ప్రాణం నిలుపుకుంటుందని చదివి ఉన్నాను. ఆ ఆశతోనే సూర్యాపేటకు తెచ్చుకున్నాను.

ఇక్కడ మాకు పెరడు లేదు. వెనక వరండా, దాని మెట్ల పక్కన బోరు నల్లా, అంతే. అందుకని నీళ్లలోనే పెంచాలనుకున్నాను. 1930లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికి అనే ఆచార్యుడు ఇలాగే మట్టి లేకుండా, నిచ్చెనెక్కి కోయాల్సినంత ఎత్తు టమాటా తీగలు పెంచాడు. హైడ్రోపోనిక్స్ అన్న పేరును లోకంలోకి తెచ్చిందీ ఆయనే. నాకు అంత ఎత్తు అక్కర్లేదు. అమ్మ చేతి కాయ ఒక్కటి కాస్తే చాలు.

మూత ఉన్న బకెట్టు, మూతకు చిల్లు, అందులో జాలీ గిన్నె, గాలిబుడగలకు చేపల తొట్టి మోటారు. గింజల్ని కొబ్బరి పొట్టులో నానబెడితే రెండు మొలిచాయి. ఒకటి మూడో రోజే మొదట్లో కుళ్లి పడిపోయింది. మిగిలింది ఒక్కటే. దారప్పోగంత కాండం, రెండు ఆకులు.

దాన్ని జాలీ గిన్నెలోకి మార్చిన నాటి నుంచి ఒరగడం మొదలైంది. వెలుతురు చాలక సాగిందేమోనని దీపం కిందికి దించాను. టమాటా కాండాన్ని ఎంత లోతుకు దింపితే అంతమేర వేర్లు పుడతాయి కాబట్టి మొదటి ఆకుల దాకా కాల్చిన మట్టిగోళీలు పోశాను. చీపురుపుల్ల గుచ్చి, నూలుపోగును ఎనిమిది అంకెలా తిప్పి, కాండం ఒరుసుకోకుండా వదులుగా కట్టాను. రాత్రిళ్లు రెండుసార్లు లేచి చూసేవాణ్ణి. పుల్ల నిలబడింది, మొక్క మాత్రం దాని మీద వాలిపోయింది. ఆకుల అంచులు మాడుతున్నాయి.

మా ఇంట్లో పనిచేసే ఆమెది కోదాడ దగ్గర పల్లె. ఏటా వానకాలం నాట్లకు ఊరికి పోయి, మడుల్లో నడుం వంచి వచ్చే మనిషి. అంట్లు తోముతూ తోముతూ వచ్చి చూసింది.

"కట్టె ఎందుకు సారూ, ఏర్లు జూడుండ్రి. నారు ఒరిగిందంటే అది నడుం జబ్బు గాదు, కాళ్ల జబ్బు."

మూత ఎత్తి చూశాను. తెల్లగా ఉండాల్సిన వేర్ల కొసలు టీ డికాషన్ రంగులో ఉన్నాయి.

మర్నాడే నీటిలో లవణాలు కొలిచే మీటరు తెప్పించాను. అందులో మందు కలపని బోరు నీళ్లే 1,180 చూపించాయి. దాని మీద నేను పోషకాలు కలిపితే 1,800 దాటింది. నారు దశలో అన్నీ కలిపి 500 ప్రాంతంలో ఉండాలి. నీళ్లలో ఉప్పు అంత ముదిరితే లేత వేరు వాటిని పీల్చుకోలేదు. మునిగి ఉండి కూడా దాహంతో మాడిపోతుంది. నెల రోజులుగా నేను కట్టుకట్టింది నడుముకు, విషం పోసింది కాళ్లకు.

నీళ్ల సంగతి నాకు తెలియనిదా? 2016లో సూర్యాపేట వేరు జిల్లా అయ్యేదాకా మాది నల్లగొండ జిల్లానే. ఫ్లోరైడుతో కాళ్లు వంకర్లు పోయినవాళ్లను చూస్తూ పెరిగాను. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే విధానానికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. పేరు రావాల్సిన తీరు అది కాదు. తాగే నీటిలో లవణాలు 500 దాటకపోతే మేలని, వేరే దారి లేనప్పుడే 2,000 దాకా సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఈ మీటరేమో ఫ్లోరైడును విడిగా చూపదు. అందుకే మా ఇంట్లో ఏళ్లుగా తాగేవి క్యాను నీళ్లే.

ఆ రోజు నుంచి మొక్కకూ 20 లీటర్ల క్యాను వేరే వేయించాను. క్యాను నీళ్లు 60, మోతాదు తగ్గించి మందు కలిపితే 480.

పనామె కూతురు నాలుగో తరగతి. బడి వదలగానే మా ఇంటికే వచ్చి, తల్లి పని అయ్యేదాకా వరండా మెట్ల మీద కూర్చునేది. మీటరు ఎలా ముంచాలో, ఏ అంకె చదవాలో దానికి నేర్పించాను. రోజూ "ఎంతొచ్చిందే?" అని నేను అడగడం, "480 తాతా" అని అది చెప్పి గోడ క్యాలెండరులో రాయడం. ఒకసారి ఖాళీ సీసాతో క్యాను దగ్గరికి వచ్చింది. "అది మొక్కకమ్మా" అన్నాను. తలూపి మెట్ల వైపు పోయింది.

ఆరో రోజుకు కొత్త వేర్లు దిగాయి, పాలదారాల్లా. పదో రోజున పుల్ల తీసేశాను. మొక్క తనంత తాను నిలబడింది. ఆకు నలిపి వాసన చూస్తే అమ్మ చేతులే. నూనె మరకల్లా పచ్చగా అంటుకునే ఆ వాసనతోనే ఆమె చెల్లెలికి జడ వేసేది, మాకు అన్నం కలిపేది. కళ్లు తుడుచుకుని చెల్లెలికి ఫోన్ చేశాను.

"బతికిందమ్మా! నీళ్లే తేడా. ఆ బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా ఇక దాని దగ్గరికి రానియ్యను."

వెనక మెట్ల మీద మీటరు కూత పెట్టింది. పిల్ల ఇవాళ దాన్ని బకెట్లో ముంచాక, తన బడి సీసాలో కూడా ముంచింది. సీసా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతా, మొక్కకు 480యే వచ్చినయ్. నాకు 1,180! నేనే ఫస్టు!"