గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు: సటీకా తాత్పర్యం

మూలం: గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు.

అవతారిక. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడని ప్రసిద్ధి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ పూనాడు. అందులో మొదటి సగానికి ఈ టీకాకారుడూ కట్టుబడతాడు. రెండో సగానికి కూడా కట్టుబడితే నాలుగు మాటల సామెతకు ఇంత టీక సాగదు కనుక దాన్ని మహానుభావులకే వదిలిపెట్టడమైనది. వ్యాఖ్యానానికి వికారాబాద్, తాండూరు సీమను ఎంచుకోవడానికి కారణం ఉంది. వికారాబాద్‌కు ఆ పేరు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని, ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందినవాడు. పైగా జాగీర్లు నిజాం గుర్రపు దళాల పోషణ కోసం ఇచ్చినవి. అంటే ఆ జాగీరు పల్లెల శిస్తులో కొంత ఒకప్పుడు దాణాగా మారి గుర్రాల కడుపులోకే పోయింది. ఇక తాండూరు కంది ఊరు. అక్కడి కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు మిల్లు ఉన్నచోట పొట్టూ నూకా చేతికి అందుతాయి. దాణా సులువుగా దొరికే చోటనే ఈ సామెతకు తప్పుడు అర్థం చెప్పుకునే ప్రమాదం ఎక్కువ.

ప్రతిపదార్థం. గుర్రం అనగా, ఈ సీమలో నేడు ప్రధానంగా బరాత్ గుర్రం, అంటే పెళ్ళి ఊరేగింపు గుర్రం. జట్కాలు పోయాక మిగిలిన ఉద్యోగం అదే. గుడ్డిదైనా అనగా, చూపు పోయినప్పటికీ. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల దాదాపు చుట్టూతా చూడగలదు కానీ తన మూతి కింద ఉన్నది మాత్రం దానికి కనపడదు. గడ్డిపోచను ఏరుకునేది పెదవులతో, మీసాలతో, వాసనతో. కాబట్టి తినే సమయానికి ప్రతి గుర్రమూ గుడ్డిదే. చూపు పోయినంత మాత్రాన తిండి తగ్గుతుందన్న ఆశ యజమానికి ఉండి ఉంటే, సామెత దాన్ని ఆదిలోనే తుంచేసింది. దాణా అనగా ఉలవలు, శనగలు, కంది నూక, తవుడు మొదలైనవి. గడ్డీ సొప్పా ఇందులో చేరవు. తప్పదు అనగా మానరాదు.

పాఠాంతరం. కొందరు ఇదే సామెతను “దాణాకు తక్కువ లేదు” అని పలుకుతారు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, గుర్రం కడుపుకు మాత్రం కావు. మొదటి పాఠం దాణా పూర్తిగా ఎత్తివేయకూడదంటోంది. రెండోది, పని ఉన్నా లేకపోయినా ఒకే కొలత పెట్టమంటోంది. మొదటిదే ప్రామాణికమని, రెండోది ఎవరో దాణా వ్యాపారి నోట చెడిన పాఠమని ఈ టీకాకారుడి నిశ్చయం. పని చేసే గుర్రానికి దాణా కూలి వంటిది. బతకడానికి కావలసిన అన్నం గడ్డి. కూలి పనిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. అన్నం తరగదు. దీనికి ప్రమాణం గుర్రం పేగులు.

టీక. తాండూరు రైతు ఇంట ఎద్దు కంది పొట్టు తిని బలుస్తుంది, గుర్రం ఎందుకు బలవదు అని మొదటి ప్రశ్న. ఎద్దుకు పులియబెట్టే గది ముందు ఉంది. మేసినది మొదట పెద్ద పొట్టలో చేరి, సూక్ష్మజీవుల చేత పులిసి, నెమరుకు వచ్చి, ఆ తర్వాతే అసలు జీర్ణాశయానికి పోతుంది. ఆ సూక్ష్మజీవులు కూడా చివరికి ఎద్దుకే మాంసకృత్తులై అరుగుతాయి. గుర్రానికి ఇదంతా తలకిందులు. దాని జీర్ణాశయం ఒంటితో పోలిస్తే చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించదు. తర్వాత ఇరవై మీటర్ల పైచిలుకు చిన్నపేగు. పిండిపదార్థం, మాంసకృత్తులు అక్కడే అరగాలి. పీచును పులియబెట్టే గదులు ఆ వెనక వస్తాయి: ముప్పై లీటర్ల దాకా పట్టే అంధాంత్రం, దానికి రెండింతలు మించి పట్టే పెద్దపేగు. గుర్రం కడుపులో అసలు వంటశాల ఇదే. అందులోని జీవులు గడ్డి పీచును కొవ్వు ఆమ్లాలుగా మారిస్తే వాటితోనే గుర్రం రోజంతా నిలబడుతుంది. ఇప్పుడు దాణా ఒక్కసారిగా ఎక్కువ పడిందనుకోండి. చిన్న జీర్ణాశయం నిండి, సరకును త్వరగా ముందుకు నెట్టేస్తుంది. చిన్నపేగులో అరగని పిండిపదార్థం పొర్లి వెనక గదుల్లో పడుతుంది. గడ్డికి అలవాటుపడ్డ జీవులు చచ్చి, పిండిని తిని లాక్టిక్ ఆమ్లం చిమ్మేవి విజృంభిస్తాయి. విషం నెత్తురులోకి ఎక్కుతుంది. ఫలితం శూల, లేదా గిట్టల లోపలి పొర వాచి నాలుగు కాళ్ళ మీద నిలవలేని స్థితి. కడుపులో జరిగిన నేరానికి గిట్టలు శిక్ష అనుభవించడం ప్రకృతి న్యాయంలో వింతే, కానీ జరిగేది అదే.

వాంతి చేసుకుంటే పోదా అని అడగవచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట కండరం లోపలికి పోనిస్తుందే కానీ వెనక్కి రానివ్వదు. పిత్తాశయం కూడా దానికి లేదు. పిత్తరసం దాచుకోకుండా సన్నగా కారుతూనే ఉంటుంది. జీర్ణాశయంలో ఆమ్లం కూడా అంతే, తిన్నా తినకపోయినా ఊరుతుంది. దాన్ని విరిచేది లాలాజలం. అది మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. ఒక కిలో ఎండుగడ్డిని గుర్రం దాదాపు నలభై నిమిషాలు, మూడువేల సార్లకు పైగా నములుతుంది. కిలో ఓట్స్ గింజలు పది నిమిషాల్లో, వెయ్యి సార్లలోపు నమలడంతో అయిపోతాయి. మిల్లు నుంచి వచ్చిన మెత్తటి నూకకు ఆ మాత్రం నమలడం కూడా ఉండదు. కాబట్టి దాణా కడుపును నింపినా, నోటికి పని ఇవ్వదు; గుర్రం కొట్టం గుంజను కొరకడం మొదలుపెడుతుంది, ఆమ్లం జీర్ణాశయం గోడను కొరకడం మొదలుపెడుతుంది. పరిశీలించిన చోటల్లా పందెపు గుర్రాల్లో అత్యధిక భాగానికి కడుపులో పుళ్ళు కనబడడానికి, ఎక్కువ దాణా, తక్కువ గడ్డి, పూటకూ పూటకూ నడుమ పొడవైన ఖాళీ ముఖ్య కారణాలు.

పూర్వపక్షం. అలాగైతే సైన్యాల గుర్రాలు, మలక్‌పేట పందెపు గుర్రాలు కిలోల కొద్దీ దాణా తిని ఎలా పరుగెత్తాయి? దక్షిణాదిలో ఉడికించిన ఉలవలే గుర్రాలకు ముఖ్య దాణా కదా, ఇంగ్లీషువాళ్ళు ఉలవకు గుర్రం పేరే పెట్టారు కదా? అవును. ఆ గుర్రాలు పనిచేశాయి. పనిచేసే గుర్రానికి గడ్డి ఒక్కటే చాలదని ఈ టీకాకారుడు కూడా ఒప్పుకుంటాడు. ఉలవలు ఉడికించడంలో పెద్దల తెలివి కూడా ఉంది: పచ్చి ఉలవల్లో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, వేడికి అవి విరిగిపోతాయి. (ఉడికిన నీళ్ళు చారై మనుషుల కంచంలోకి, గింజలు పశువు తొట్టిలోకి వెళ్ళాయి. ఈ పంపకంలో ఎవరు లాభపడ్డారో తేల్చడం ఈ టీక పరిధిలోది కాదు.) కానీ పని లేని గుర్రం సంగతి వేరు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం దీన్ని తేల్చేసింది. ఉత్తమాశ్వానికి ధాన్యం, నెయ్యో నూనెయో, ఉప్పు కొలిచి చెప్పి, మధ్యమానికి అందులో పావు తగ్గించి, దానికంటే తక్కువదానికి మరింత తగ్గించి, పచ్చిమేత అర భారం, ఎండుగడ్డి అయితే దానికి రెండింతలు అని విధించి, యుద్ధం వల్లనో రోగం వల్లనో ముసలితనం వల్లనో పనికిరాకుండా పోయిన గుర్రాలకు ప్రాణం నిలిచేంత తిండి మాత్రం పెట్టమన్నాడు. వాటిని వదిలేయమనలేదు, పూర్తి కొలత పెట్టమనీ అనలేదు. అంటే “తప్పదు” అన్న పాఠానికి కౌటిల్యుడే సాక్షి. ధనవంతులు దీన్ని మరిచినచోట ఏమైందో మార్కో పోలో రాశాడు: పాండ్యదేశంలో సముద్రం దాటించి కొనుక్కున్న గుర్రాలకు మాంసంతో కలిపి ఉడికించిన అన్నం పెట్టేవారట, గుర్రాలు బతికేవి కావట.

ఐరోపాలో బండి గుర్రాల యజమానులు ఇదే పాఠాన్ని మరో దారిలో నేర్చుకున్నారు. ఆదివారం సెలవు, దాణా మాత్రం పనిరోజు కొలతే. సోమవారం బండి కట్టగానే గుర్రం పది అడుగులు వేసి తొడలు రాయిలా బిగిసి, మూత్రం నల్లబడి కూలబడేది. దానికి సోమవారం పొద్దుటి జబ్బు అనే పేరు పడింది. తాండూరులో ఆదివారం సెలవు లేదు కానీ ఆషాఢం ఉంది, మూఢం ఉంది. పెళ్ళిళ్ళ కాలంలో రోజు మార్చి రోజు బ్యాండు ముందు నడిచిన గుర్రం నెల పైచిలుకు కొట్టంలో నిలబడుతుంది. సామెతలోని గుడ్డి గుర్రం నేటి ఆషాఢపు గుర్రమే. రెండింటికీ కాలూ కడుపూ ఉన్నాయి, పని లేదు. ఈ నెలలో “తక్కువ లేదు” పాఠం పాటించిన యజమాని శ్రావణం మొదటి ముహూర్తాన పెళ్ళికొడుకుతో సహా దాని ఫలితం అనుభవిస్తాడు.

ఇంకొక ఆక్షేపణ ఉంది, అన్నిటికంటే బలమైనది. తాండూరులో గడ్డి ఎక్కడుంది? కంది కోశాక మిగిలేది కట్టె, అది పొయ్యికి పోతుంది. పత్తి కట్టె సంగతీ అంతే. జొన్న వేసిన పొలంలోనే సొప్ప దొరుకుతుంది. వరిగడ్డి ఉంటే ఉంటుంది కానీ అందులో ఇసుక గుణం ఎక్కువ, సత్తువ తక్కువ. లెక్క చూద్దాం. మూడున్నర క్వింటాళ్ళ బరువున్న గుర్రానికి రోజుకు దాదాపు ఏడు కిలోల ఎండుమేత కావాలి, పని లేకపోయినా అందులో నాలుగు వందల గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉండాలి. మంచి గరిక, అదే హరియాలి గడ్డి, ఎండబెట్టి పెడితే ఇది దాదాపు తీరుతుంది. ఒట్టి జొన్నసొప్ప అయితే తీరదు, వంద గ్రాములు తగ్గుతుంది. ఆ వంద గ్రాములకు అరకిలో ఉలవలు ఉడికించి పెడితే చాలు. కాబట్టి ఆక్షేపణ చేసినవాడే సిద్ధాంతాన్ని బలపరిచాడు: సొప్ప మీద బతికే గుర్రానికి దాణా నిజంగానే తప్పదు, కానీ అది అరకిలో. మిగతా ఆకలిని మిల్లు నూకతో తీర్చబోతే గడ్డి తగ్గుతుంది, పేగు చెడుతుంది. మిగిలిపోయిన మాంసకృత్తులు యూరియాగా మూత్రంలోకి దిగి కొట్టమంతా ఘాటు వాసన కొడుతుంది. తాండూరు బండ పరిచిన నేల మీద ఆ వాసన ముందుగా ముక్కుకు తగిలేది యజమానికే. సొప్ప కూడా పచ్చిగా, లేతగా పెట్టకూడదు. లేత జొన్నలో విషం ఉంటుంది, పచ్చిజొన్న మేసిన గుర్రాలకు మూత్రాశయం వాచి వెనక కాళ్ళు తూలడం తెలిసిన సంగతే. కోడిదాణా కలపడం దీనికంటే ఘోరం. కోళ్ళకు పెట్టే మోనెన్సిన్ అనే మందు కొద్దిగా పడినా గుర్రం గుండె కండరం దెబ్బతింటుంది.

అయ్యా, ఇది గుర్రం సామెతే కాదు, పనికిరాని బంధువును పోషించాల్సి వచ్చినప్పుడు అనే మాట, దానికి పేగుల లెక్క ఏమిటి అని చివరి పూర్వపక్షి గొంతు సవరిస్తాడు. ఆలంకారికులు చెప్పిన నియమం ఒకటుంది: ముఖ్యార్థానికి బాధ కలిగితేనే లక్ష్యార్థానికి పోవాలి. ఇక్కడ “తప్పదు” పాఠంలో ముఖ్యార్థానికి ఏ బాధా లేదు, గుర్రానికి ఏ బాధా లేదు. బంధువు దగ్గరికి పోవలసిన అవసరం ఏముంది? పోయినా కూడా, కూర్చున్నవాడికి పొలం పోయేవాడి కొలత వడ్డిస్తే ఏమవుతుందో వైద్యులు ఈ జిల్లాలోనూ చెబుతూనే ఉన్నారు. వెళ్ళగొట్టమని ఎవరూ అనలేదు.

ప్రయోగం. ముహూర్తాలు అయిపోయిన రోజే దాణా ఎత్తివేయరాదు. అంధాంత్రంలోని జీవులకు కొత్త తిండికి తగ్గట్టు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. రోజుకు కొంత తగ్గిస్తూ అరకిలోకు దించాలి, తగ్గించిన మేర గడ్డి పెంచాలి, ఉప్పు, తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. గుర్రానికి రోజుకు 20 నుంచి 30 లీటర్లు, వేసవిలో ఇంకా ఎక్కువ కావాలి. నీళ్ళు తగ్గితే ఎండుసొప్ప పెద్దపేగులో గడ్డకట్టుకుని కూర్చుంటుంది. శ్రావణానికి పది రోజుల ముందు నుంచి దాణా మళ్ళీ మెల్లగా పెంచాలి, పూటకు కిలో దాటకుండా, గడ్డి మేసిన తర్వాతే పెట్టాలి. మొదటి బరాత్‌కు ముందు రెండు మూడు రోజులు అనంతగిరి గట్టు దారినో, కాగ్నా ఏటి ఒడ్డునో ఉత్త వీపుతోనే నడిపించి తీసుకురావాలి.